అరువు తెచ్చుకున్న ఎనిమిది

మార్చి 3, మంగళవారం

కుడి వైపు. నొప్పి లేదు.

ఇంజెక్షన్ గదిలో సిస్టర్ ఈ డైరీ చేతిలో పెట్టి ఇంతవరకే రాయమంది. తేదీ, ఏ వైపు పొడిచారు, నొప్పి ఉందా లేదా. వారానికి రెండుసార్లు, మూడు నెలలు. ఆ ముక్క రాసేశాక పేజీ అంతా ఖాళీగా కనిపిస్తోంది. ఎవరూ చదివేది కాదు కనుక మిగతాదీ రాస్తున్నాను.

నా వీర్యంలో కణాలు ఒక్కటీ లేవని పోయిన నెలే తేలింది. ఇక మిగిలింది ఆపరేషన్. వృషణం తెరిచి, లోపలి సన్నటి గొట్టాల్లో ఎక్కడైనా ఒకటీ అరా ఉన్నాయేమో మైక్రోస్కోపుతో వెతుకుతారు. దొరికితే మా ఆవిడ అండాలతో కలుపుతారు. దొరుకుతాయో లేదో ముందే చెప్పే హార్మోను పరీక్ష ఒకటుందని విని, ఆ రిపోర్టు కోసం వారం రోజులు కాచుకుని కూర్చున్నాను. ఇవాళ వచ్చింది. ఎఫ్‌ఎస్‌హెచ్ ముప్పై ఒకటి. పన్నెండు లోపు ఉండాలట.

డాక్టరుగారు ఓపిగ్గానే చెప్పారు. తలలో ఒక గ్రంథి ఉంటుంది, కింద పని నడవకపోతే అది తలుపు బాదుతుంది, ఎంత గట్టిగా బాదుతోందో చెప్పేదే ఈ నంబరు అన్నారు. ముప్పై ఒకటంటే ఇల్లు ఖాళీ అనేగా అన్నాను.

"పెరటి గదిలో ఎవరైనా ఉండొచ్చు. తెరిచి చూసేదాకా నాకూ తెలీదు" అన్నారాయన.

నేను పద్దెనిమిదేళ్ళుగా కాటాలు బాగుచేస్తున్నాను. నంబరును నమ్మకపోతే నా దుకాణమే అక్కర్లేదు. పెరటి గది కబుర్లు నాకు ఎక్కలేదు.

బయట బెంచీ మీద నా పక్కన ఒక డ్రాయింగ్ మాస్టారు కూర్చున్నాడు. నాకంటే ఓ అయిదేళ్ళు చిన్న. నాదీ తనదీ ఒకే జబ్బు, ఒకే డాక్టరు, ఒకే మంగళ శుక్రవారాలు. పరిచయమైన రెండో నిమిషంలోనే, నేను అడక్కుండానే తన నంబరు చెప్పేశాడు. ఎనిమిది. బస్సులో కిటికీ పక్క సీటు దొరికినవాడిలా చెప్పాడు. ఆ క్షణం నుంచీ ఆ మనిషి నాకు నచ్చలేదు.

మార్చి 4

నిన్న మా ఆవిడ షాపు నుంచి వచ్చీ రాగానే ఎంత వచ్చిందని అడిగింది. తను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది, రోజంతా నంబర్లతోనే పని.

ఎనిమిది అన్నాను.

నోరు జారిందని రాసుకుందామనుకున్నాను. జారలేదు. ఆ మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. తను ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలా రోజుల తర్వాత లోపల్నుంచి కూనిరాగం వినిపించింది. ఆ రాగాన్ని ఆపడం నావల్ల కాలేదు.

రిపోర్టు దుకాణంలో తూనికరాళ్ళ పెట్టెలో, రెండు కిలోల రాయి కింద ఉంది. రెండు రోజులు పోయాక చెప్పేస్తాను.

మార్చి 6

ఎడమ వైపు. నొప్పి లేదు. చెప్పలేదు.

మార్చి 10

కుడి వైపు. నొప్పి లేదు.

మాస్టారికి సూది చూస్తే కళ్ళు తిరుగుతాయట. సిస్టర్ సిరంజి తీయగానే గోడవైపు తిరిగి ఎక్కం అప్పజెప్పడం మొదలెట్టాడు. నాకు సంతోషం వేసింది. ఒక్క ఈ విషయంలోనైనా నేనే మొనగాణ్ణి.

ఆ తర్వాత అపాయింట్‌మెంట్ చీటీ వెనక సిస్టర్ బొమ్మ గీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని మందుల అలమారాకి అంటించుకుంది. నేను ఆవిడకి ఇప్పటికి మూడుసార్లు నమస్కారం పెట్టాను. నా పేరు ఇంకా చీటీ చూసే పిలుస్తోంది.

మార్చి 20

ఎడమ వైపు. కొంచెం నొప్పి.

జరగకూడనిది జరిగింది. మా ఆవిడ షాపుకి సెలవు పెట్టి నాతో వచ్చింది. మాస్టారి భార్యా వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ పావుగంటలో అక్కాచెల్లెళ్ళయిపోయారు. వాళ్ళ ఇల్లు మాకు రెండు వీధుల అవతలే అని కూడా తేలింది. ఆ పిల్ల పాపం భయపడుతోంది. మా ఆవిడ ధైర్యం చెబుతూ, మా ఆయనదీ ఎనిమిదే అంది.

మాస్టారు నావైపు తిరిగాడు. కోపమేమో అనుకున్నాను. మొహం వెలిగిపోయింది. "అన్నయ్యా, ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేం? మనం కవలలం" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

అప్పుడైనా కాదని చెప్పాల్సింది. ముగ్గురూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

మార్చి 31

కుడి. నొప్పి లేదు.

ఇంట్లో పొద్దస్తమానం మాస్టారి భజనే. మాస్టారు తన సంగతి స్కూల్లో అందరికీ చెప్పేశాడట, దాచుకోడట. చంటిపిల్లల గదని ఒక గోడకి అప్పుడే ఏనుగుల బొమ్మలు వేశాడట. ఆలూ లేదు చూలూ లేదు అంటారే, అదీ సంగతి. నేనలా అంటే మా ఆవిడకి కోపం వచ్చింది.

"ఆయన ఎంత తేలిగ్గా ఉంటారో చూడండి. మీదీ అదే నంబరు కదా, మరి మీరెందుకలా మొహం వేలాడేసుకు తిరుగుతారు?"

దీనికి జవాబు ఉంది. రెండు కిలోల రాయి కింద ఉంది.

నాకు కుళ్ళు. రాసుకుంటే తప్పేముంది. ఆ ఎనిమిది మీద కుళ్ళు, వాడి నవ్వు మీద కుళ్ళు, మా ఆవిడ వాడి కబుర్లకి నవ్వినప్పుడు కనిపించే ఆ పక్క పన్ను మీద కుళ్ళు. నా మాటకి ఆ పన్ను కనబడి రెండేళ్ళయింది.

ఏప్రిల్ 14

ఎడమ. నొప్పి లేదు.

నెల పరీక్షలు వచ్చాయి. ఈ ఇంజెక్షన్లు మగ హార్మోను పెంచడానికి. పెరిగితే కణాలు దొరికే అవకాశం కాస్త మెరుగవుతుందని కొందరంటారు, గ్యారంటీ ఏం లేదని డాక్టరుగారి మాట. నాది నూట తొంభై నుంచి రెండు వందల ముప్పైకి పాకింది. మాస్టారిది రెండు వందల అరవై నుంచి అయిదు వందల ఇరవైకి ఎగిరింది. నన్నెవరూ అడగలేదు. సిస్టర్ బల్ల మీద ఫైలు తెరిచి ఉంటే మెడ సాచి చూశాను.

వచ్చే నెల తగ్గితే బాగుండునని మనసులో అనుకున్నాను. అనుకున్నానని రాయడానికే సిగ్గుగా ఉంది. ఇంక రాసేశాను.

ఏప్రిల్ 23

ఒక చేపల దుకాణం వాడు కాటా తెచ్చాడు. కిలోకి నలభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. తూనికల శాఖ వేసే సీసపు సీలు మాత్రం నిక్షేపంలా ఉంది. తీగ చూడగానే అర్థమైంది. పాత మంచి కాటాకున్న సీలు ఊడదీసి దీనికి బిగించాడు. అరగంట చీవాట్లు పెట్టాను. తప్పు చూపించే కాటా అంత ప్రమాదం కాదయ్యా, బాగుచేసుకోవచ్చు, తప్పు కాటాకి ఒప్పు సీలు వేస్తే ఊరంతా నమ్మి మోసపోతుంది అన్నాను. వాడు తలొంచుకుని వెళ్ళిపోయాడు.



మే 5

కుడి. నొప్పి లేదు. చెప్పలేదు.

మే 26

ఇవాళ్టితో ఇంజెక్షన్లు ఆఖరు.

డాక్టరుగారి గదిలోకి ఒక్కణ్ణే వెళ్ళాను, మా ఆవిణ్ణి చీటీలు రాయించమని పంపించి. ముందు ఆపరేషన్ చేద్దాం, దొరికితే ఫ్రీజ్ చేసి దాచుదాం, ఆ తర్వాతే ఆవిడకి అండాలు పెంచే సూదులు మొదలెడదాం అన్నారు. దొరక్కపోతే ఆవిడ ఒళ్ళు హూనం చేసుకుని ఏం లాభం అని కూడా అన్నారు. అప్పుడు నాకు గుండెల మీంచి ఒక బరువు దిగింది. అంటే నా అబద్ధం వల్ల మా ఆవిడకి ఒక్క సూది కూడా పడదు. అంటే ఎవరికీ నష్టం లేదు. ఎవరికీ నష్టం లేనిదాన్ని అబద్ధమనడం కూడా ఎక్కువే.

మా ఆవిడ ఖాళీగా కూర్చోలేక, తన వంతు వచ్చేసరికి పనికొస్తుందని సిస్టర్ దగ్గర ఇంజెక్షన్ చేయడం నేర్చుకుంటోంది. ఇంట్లో సిరంజితో దిండుకి నీళ్ళు ఎక్కిస్తోంది.

జూన్ 4

దొరికాయి.

జూన్ 5

నిన్న అంతకు మించి రాయలేకపోయాను. మూడున్నర గంటలు వెతికారట. కుడి వైపంతా గాలించినా ఏమీ లేదు. ఎడమ వైపు ఒక మూల ఒక్క గొట్టంలో కనిపించాయి. తొమ్మిది. ఆరు కదులుతున్నాయి. ఫ్రీజ్ చేశారు. "మీ పెరటి గది" అన్నారు డాక్టరుగారు, ఆయనా బాగా అలిసిపోయి ఉన్నారు.

మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు ఏడ్చింది. "ఎనిమిదే కదా, నాకు తెలుసు" అంది. ఇలాంటప్పుడు చెబితే బాగుండదు.

జూన్ 6

మాస్టారు చూడటానికి వచ్చాడు. నా బొమ్మ గీసి తెచ్చాడు. కాటా పళ్ళెంలో నేను కూర్చున్నాను, రెండో పళ్ళెంలో తొమ్మిది చుక్కలు, రెండూ సమానంగా ఉన్నాయి. నవ్వితే కుట్లు లాగాయి. ఆ ఒక్క నిమిషం వాణ్ణి తమ్ముడనుకున్నాను.

తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని అసలు సంగతి అడిగాడు. డాక్టరుగారు తనకి కూడా ముందు ఆపరేషన్, ఆ తర్వాతే భార్యకి సూదులు అంటున్నారట. ఎనిమిది చూసి సంబరపడొద్దంటున్నారట. కొందరికి లోపల పని సగంలో ఆగిపోతుంది, ఆ సంగతి పైనున్న గ్రంథికి తెలియదు, అందుకే అది తలుపు బాదదు, నంబరు చల్లగా ఉంటుంది అన్నారట. మాస్టారికి మాత్రం తన ఆపరేషనూ, భార్యకి అండాలు తీయడమూ ఒకే రోజు జరిగిపోవాలని ఉంది. స్కూలు తెరిచాక రెండుసార్లు సెలవు దొరకదు.

"మీదీ నాదీ ఒకటే నంబరు కదా అన్నయ్యా. మీకు దొరికాయిగా. నన్నేం చేయమంటారు?"

రిపోర్టు నా చొక్కా జేబులోనే ఉంది. ఆసుపత్రికి అన్ని కాగితాలూ తేవాలంటే పెట్టెలోంచి తీసి జేబులో పెట్టుకున్నాను.

"మీ ఇష్టం మాస్టారూ. నంబరు మంచిదేగా" అన్నాను.

ఎందుకన్నానో నాకు తెలుసు. వాడి ఎదుట ముప్పై ఒకటి కావడం నాకిష్టం లేదు. పైగా వాడికెలాగూ దొరుకుతాయి, ఎనిమిది కదా. రెండూ ఒకేసారి అయితే నాకంటే ముందు తండ్రవుతాడు. తొమ్మిది నా చేతికొచ్చాక కూడా నేను ఆ లెక్కే వేసుకుంటున్నాను.

జూన్ 16

మాస్టారి భార్యకి ఈ రోజు నుంచి సూదులు. పది రోజులు, కడుపు మీద. మాస్టారు సిరంజి చూడలేడు కనుక మా ఆవిడే సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి చేసి వస్తోంది. దొరక్కపోతే దాత కణాలు వాడమంటారా అని ఆసుపత్రి వాళ్ళు కాగితమిస్తే, మాకు అవసరం లేదని సంతకం పెట్టేశారట. మా ఆవిడ సంబరంగా చెప్పింది.

జూన్ 19

నాలుగో రోజు. ఆ పిల్ల కడుపు మీద అక్కడక్కడా నీలంగా కమిలిందట. మా ఆవిడ మంచుముక్క రుద్ది పొడుస్తోందట.

జూన్ 23

ఎనిమిదో రోజు. అడగలేదు. తనే చెప్పింది.

జూన్ 27

మాస్టారికి ఏమీ దొరకలేదు. నాలుగు గంటలు వెతికారు. రెండు వైపులా అన్ని గొట్టాల్లోనూ ఒకటే తీరు, పని సగంలో ఆగిపోయి ఉంది. అటు గదిలో ఆ పిల్లకి పదకొండు అండాలు తీశారు. కలపడానికి ఏమీ లేక ఫ్రీజ్ చేశారు.

జూన్ 28

డాక్టరుగారు మాస్టారికి ముందే చెప్పారు. ఎనిమిది చూసి సంబరపడొద్దని చెప్పారు. వినలేదు. నేనేమన్నాను? మీ ఇష్టం అన్నాను. మీ ఇష్టం అనడం సలహా కాదు.

నంబరు మంచిదేగా అని కూడా అన్నాను.

మీ ఇష్టం అన్నాను ముందు.

జూన్ 29

పొద్దున్న మా ఆవిడ అడిగింది, ఒకే నంబరు కదా, మీకు దొరికి ఆయనకెందుకు దొరకలేదని. అడగడానికి కాదు, ఆ పిల్లకేం జవాబు చెప్పాలో తెలియక అడిగింది. రిపోర్టు తీసి బల్ల మీద పెట్టాను.

చూపు పరీక్ష చేసే మనిషి కదా, చిన్న అక్షరాలు ఒక్క చూపులో చదివేసింది. తేదీ కూడా చదివింది. కేకలేస్తుందనుకున్నాను. కూర్చుంది. చాలాసేపు తన కుడిచేతి వేళ్ళు చూసుకుంది.

"నాకు చెప్పకపోతే పోయింది. ఆ పిల్లకి పది రోజులు నా చేత్తో పొడిచాను. పొడిచిన ప్రతిసారీ, మా ఆయనదీ ఎనిమిదే, నీకేం భయం లేదు అని చెప్పాను."

నేను ఏదో అనబోయాను. డాక్టరుగారు ముందే చెప్పారన్న మాట కాబోలు.

"వెళ్ళి చెప్పి రండి" అంది.

జూన్ 30

వెళ్ళాను. మాస్టారు ఏనుగుల గదిలో నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, కాళ్ళు చాపుకున్నాడు. భార్య పక్కగదిలో పడుకుంది. ఏనుగులు నిజంగా బాగున్నాయి. చిన్నది పెద్దదాని తోక పట్టుకుని నడుస్తోంది.

చెప్పాను. కాగితం ఇచ్చాను. చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివాడు.

"ఆ రోజు నేనడిగినప్పుడు ఇది నీ దగ్గరే ఉందా?"

మొదటిసారి నన్ను నువ్వన్నాడు. జేబులోనే ఉందన్నాను.

కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. వాడు ఆ ముప్పై ఒకటి మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, అంకె చెరుగుతుందేమో చూస్తున్నట్టు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. మార్చి మూడో తారీఖున, బెంచీ మీద, నేను వాణ్ణి చూసిన చూపది. నాలుగు నెలలు నేను మోసినదంతా ఇప్పుడు వాడి కళ్ళలో ఉంది.

"నా ఎనిమిది కావాలని ఒక్క మాట అడిగుంటే ఇచ్చేసేవాణ్ణి" అన్నాడు. "నీ ముప్పై ఒకటి నేను ఉంచుకునేవాణ్ణి."

కాగితం నాకు తిరిగివ్వలేదు. నేనూ అడగలేదు. వీధి మలుపు దాకా వచ్చాక గుర్తొచ్చింది, క్షమించమని అడగనే లేదని. వెనక్కి వెళ్ళాను. తలుపు గడియ వేసుంది. కొట్టాను. గట్టిగా కొట్టాను. లోపల మనుషులున్నారని నాకు తెలుసు.

జూలై 14, మంగళవారం

మా ఆవిడకి సూదులు ఇవాళ మొదలు. నేను సిస్టర్ దగ్గర నేర్చుకుని వచ్చాను, వారం రోజులు దిండుకి పొడిచాను. సిరంజి పట్టుకుని దగ్గరికి వెళ్తే చెయ్యి చాపి నా చేతిలోంచి తీసుకుంది. తనే కూర్చుని, తనే చీర పక్కకి తప్పించి, తనే పొడుచుకుంది. మంచుముక్క తెస్తానంటే వద్దంది.

ఈ డైరీలో ఖాళీ పేజీలు ఇంకా చాలా ఉన్నాయి. తనది కూడా ఇందులోనే రాస్తాను, సిస్టర్ చెప్పినట్టే.

ఎడమ వైపు. నొప్పి ఉందా అని అడిగాను. చెప్పలేదు.